లాకౌట్ లేదు

లాకౌట్ అన్న మాటకు ఆ ఫ్యాక్టరీలో రెండు అర్థాలుండేవి. ఒకటి టెస్టింగ్ గది లోపలిది, ఒకటి గేటు బయటిది. లోపలి దాన్ని నమ్ముకుని జనం పని చేసేవాళ్ళు, బయటి దానికి భయపడి పని చేసేవాళ్ళు. ఒకే మాట రెండు చోట్ల కొలువు చేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు తంటా తప్పదని ఎవరికీ తోచలేదు. తోచాల్సిన మనిషి ఒకత్తె ఉంది. ఆమెకు తోచింది కూడా. అదే అసలు బాధ.

అక్కడ తయారయ్యేవి స్టెబిలైజర్లు. ఇళ్ళల్లో ఫ్రిజ్ వెనకో, దుకాణాల్లో ఏసీ పక్కనో గోడకు వేలాడే ఇనప డబ్బాలు. కరెంటు తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించి పంపడం వాటి ఉద్యోగం. కానీ ఎంతని పెంచుతాయి? కరెంటు మరీ కొన ఊపిరితో ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని లాగబోతే డబ్బాకే ప్రాణం మీదికి వస్తుంది, దాన్ని నమ్ముకున్న ఫ్రిజ్జూ మాడుతుంది. అందుకని ఓల్టేజి ఒక హద్దు దాటి కిందికి పడగానే డబ్బా టక్కుమని ఆగిపోవాలి. ఆగిపోయి తలుపేసుకుని కూర్చోవాలి. తర్వాత కరెంటు ఎంత దర్జాగా తిరిగొచ్చినా సరే, మనిషి వచ్చి ముందున్న పచ్చ బటన్ నొక్కేదాకా లేవకూడదు. దీన్నే లోపలివాళ్ళు 'లాకౌట్ పడింది' అనేవాళ్ళు.

నొక్కేదాకా లేవదు అన్న సంగతి మీద అక్కడి వాళ్ళకు కన్నతల్లి మీద ఉన్నంత నమ్మకం. ఆ వీధిలో మధ్యాహ్నం పూట ఓల్టేజి పడిపోవడం రోజూ ఉండేదే. బల్బుల్లో ఎర్రటి దారం మాత్రం మిగులుతుంది, బెంచీల మీద డబ్బాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి లాకౌట్ పడతాయి. అదే అదనుగా మూత తీసి ఉన్న డబ్బాలో చెయ్యి పెట్టి ఏ తీగ సర్దాలో ఆ తీగ సర్దేసేవాళ్ళు. ప్లగ్గు పీకిన తర్వాతే చెయ్యి పెట్టాలని గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంది. ఆ ప్లగ్గులేమో బెంచీల వెనక, నడుం విరిగేలా వంగితే తప్ప అందవు. లాకౌట్ పడ్డాక కూడా ప్లగ్గు పీకబోయేవాణ్ణి చూస్తే, చచ్చిన పామును చంపుతున్నాడురా అని నవ్వేవాళ్ళు.

రెండో లాకౌట్ గురించి ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. పక్క వీధిలో పంపుల ఫ్యాక్టరీకి ఆ వేసవి మొదట్లోనే పడింది. పొద్దున్నే పనికొచ్చిన వాళ్ళకు గేటుకు తాళం, తాళం పక్కన అతికించిన కాగితం కనిపించాయి. ఆ కాగితం చదువుకుని ఇంటికి వెళ్ళిన వాళ్ళు ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నారు. ఇక్కడ కూడా ఆర్డర్లు తగ్గాయి, గోదాములో డబ్బాలు పైకప్పుకు తగులుతున్నాయి. యజమాని తుమ్మితే లాకౌట్, దగ్గితే లాకౌట్ అన్నట్టుగా ఉంది జనం పరిస్థితి.

టెస్టింగ్ గది చూసుకునే ఆమెను అందరూ అక్క అనేవాళ్ళు. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళూ అక్కే అనేవాళ్ళు, యజమానీ అక్కే అనేవాడు. నిజంగా ఆమె అక్క అయింది మాత్రం ఒక్కడికి. వాడు వైండింగులో పని చేసేవాడు, రాగి తీగను బొంగు మీద చుట్టే పని. వాడి చేతిలో తీగ పట్టుదారంలా లొంగేది. పేరేదైనా ఆమె వాణ్ణి చిన్నోడా అనే పిలిచేది, అందుకని పెళ్ళయి మీసాలు మెలేసినా ఊరందరికీ వాడు చిన్నోడే. తల్లి పోయేనాటికి వాడింకా పలక పట్టే వయసులో ఉన్నాడు. ఆమెకు పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, వీడు ఒక దారిన పడనీ అంది. వాడు దారిన పడేసరికి ఆమె దారి మూసుకుపోయింది. ఈ సంగతి ఆమె ఎన్నడూ వాడి ముఖాన అనలేదు. మనసులో అనుకోలేదంటే మాత్రం నమ్మకండి.

ఆ వేసవిలోనే మరదలి మేనమామ ఒక కబురు పంపాడు. రేవు పట్నంలో ఓడల మోటార్లు బాగుచేసే షెడ్డులో వైండింగు మనిషి కావాలట, ఉండటానికి గది కూడా ఇస్తారట. శనివారం లోపల వస్తాననో రాననో చెప్పాలి. ఇక్కడ గేటు ఎప్పుడు మూతపడుతుందో తెలియదు గనక వెళ్ళిపోవడమే మంచిదని చిన్నోడూ మరదలూ అనుకున్నారు. పెట్టె సర్దడం మొదలైంది.

"నువ్వూ వచ్చెయ్యక్కా, ముగ్గురం అక్కడే పడుందాం" అన్నాడు చిన్నోడు.

"అవును, రండి వదినా" అంది మరదలు. మంచి పిల్లే. కానీ ఆ మాట అనడానికి ముందు ఒక గుటక మింగింది. అక్క ఆ గుటకను చూసింది. ఒకటే గది అని ఎవరూ ఎత్తి చూపకుండానే అందరికీ గుర్తొచ్చింది.

"నా సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు వెళ్ళండి" అని ఆమె గిన్నెలు తోమడానికి లేచింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

* * *

ఆ వారం మొదట్లో యజమాని అక్కనూ ఇంజనీరునూ గదికి పిలిచాడు. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు, మనిషి పొట్టి. ఇంజనీరు పేరు అసలెవరికీ గుర్తుండదు, కళ్ళజోడు అంటే చాలు.

"దుకాణాల వాళ్ళది ఒకటే గోల" అన్నాడు పెద్దాయన. "మన డబ్బా మాటిమాటికీ ఆగిపోతుందట, ఆగితే ఎవరో లేచి బటన్ నొక్కాలట. పక్క కంపెనీ వాళ్ళది కరెంటు రాగానే దానంతటదే లేస్తోంది. డబ్బులిచ్చి కొనుక్కుని, మంచం దిగి బటన్ నొక్కే ఖర్మ ఎవడికయ్యా?"

"దానంతటదే లేచేట్టు చెయ్యాలంటే సర్క్యూటే మార్చాలండీ" అన్నాడు కళ్ళజోడు. "ఓల్టేజి బాగా పైకొచ్చేదాకా ఆగి, కాసేపు చూసి లేవాలి. లాకౌట్ ఊరికే పీకేస్తే, ఓల్టేజి పడుతూ లేస్తూ ఉంటే లోపల కరెంటు కలిపే స్విచ్చులు, ఆ రిలేలు టపటపా కొట్టుకుంటాయి. అతుక్కుపోయినా పోతాయి."

"మార్చడానికి ఎన్నాళ్ళు?"

"రెండు నెలలు..."

"రెండు నెలల తర్వాత నువ్వూ ఉండవు, నేనూ ఉండను. తీసెయ్."

"డబ్బాల ముందు పలకలన్నీ బటన్‌తోనే కొట్టించాం గదండీ?"

"ఉండనీ. బటన్ ఉంటే నీకేం నొప్పి? వెనక తీగ ఇవ్వకు, అంతే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" పెద్దాయన బల్ల మీద చరిచాడు. "లాకౌట్ లేదు! ఇంక మన దగ్గర లాకౌట్ లేదంటే లేదు, నా మాట మీద నిలబడతాను!"

సరిగ్గా అప్పుడు టీ బాబాయి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు గానీ, వాళ్ళందరికీ గురుపీఠం ఆ బాబాయిదే. పెద్దాయన ముఖం చూశాడు, బల్ల మీద ఉన్న పిడికిలి చూశాడు. చేతిలో గ్లాసులు అక్కడే పెట్టేసి, సగం టీ పళ్ళెంలో ఒలికినా చూసుకోకుండా వెనక్కి పరిగెత్తాడు.

గదిలో వాళ్ళు అదేమీ పట్టించుకోలేదు. బయటికొస్తూ కళ్ళజోడు అక్కతో మెల్లగా అన్నాడు: "లాకౌట్ తీసేసిన కొత్త బోర్డులు ఎల్లుండి మీ దగ్గరికొస్తాయి. బెంచీల మీద వాళ్ళకు లాకౌట్ పడగానే చెయ్యి పెట్టే అలవాటుంది చూశారా, అది మానిపించాలి. నేను చెప్తే వినరు, నన్ను చూస్తే వాళ్ళకు నవ్వు. మీరు చెప్తారా?"

"చెప్తాను" అంది అక్క. చెప్పాలనే అనుకుంది.

ఆమె మెట్లు దిగేసరికి ఫ్యాక్టరీ ఫ్యాక్టరీలా లేదు. యంత్రాలు ఆగిపోయాయి. పెయింటింగు వాళ్ళు రంగు చేతులతోనే ఒకరినొకరు కావలించుకుంటున్నారు. ప్యాకింగులో పని చేసే ముసలామె నేల మీద కూర్చుని ఏడుస్తోంది, పక్కనున్నవాళ్ళు నవ్వుతూ ఆమెను లేపుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి చిన్నోడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా! లాకౌట్ లేదట!"

"అది కాదురా..."

"నా దగ్గర దాస్తావేంటి, బాబాయి అంతా విన్నాడు. పెద్దాయన బల్ల గుద్ది మరీ అన్నాడటగా, మాట మీద నిలబడతానని! నువ్వు ఆ గదిలోనే ఉన్నావుగా. అన్నాడా, లేదా?"

"అన్నాడు గానీ, ఆయన అంటోంది..."

"అన్నాడుగా! అది చాలు!" వాడు అక్క రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "ఇంక రేవూ వద్దు, ఓడలూ వద్దు. ఎక్కడికీ పోనవసరం లేదు. నిన్నొదిలి ఎలా పోవాలా అని నాకు నాలుగు రోజుల నుంచి ముద్ద దిగడం లేదక్కా, తెలుసా?"

నిజానికి ఆమె నోటి దాకా వచ్చింది. పిచ్చివాడా, అది మన డబ్బాల్లో లాకౌట్ గురించిరా, గేటు గురించి కాదు అని రెండు ముక్కలు అంటే అయిపోయేది. కానీ ముద్ద దిగడం లేదన్న మాట ఆమె గొంతుకు అడ్డం పడింది. వాడు అప్పటికే వెనక్కి తిరిగి బెంచీ బెంచీకీ వెళ్ళి, మా అక్క కూడా విందట, నిజమేనట అని చెప్పుకుంటూ పోతున్నాడు.

సంగతి తెలిశాక పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "మంచిదేగా అక్కా, ఉత్సాహంగా పని చేస్తారు. మనం అబద్ధం చెప్పలేదు గదా" అన్నాడు. మర్నాడు అందరికీ మిఠాయి పంచమన్నాడు. అక్క తన వంతు మిఠాయిని పొట్లం కట్టి ఇంటికి తీసుకెళ్ళింది.

* * *

ఇంట్లో పెట్టె ఖాళీ అయింది. మరదలు ఒక్కొక్క చీరా తీసి మళ్ళీ అలమారలో పెడుతుంటే అక్క సాయం చేసింది. మరదలి ముఖం చిన్నబోయింది. రేవు పట్నంలో ఆమెకు పుట్టింటివాళ్ళు దగ్గర, ఆ గది కిటికీకి ఏ రంగు తెర వెయ్యాలో కూడా అనుకుని పెట్టుకుంది.

"నిజంగా ఇంక భయం లేదంటారా వదినా? మీరే చెప్పండి. మీరు చెప్తే నేను నమ్ముతాను."

"వాడే చెప్పాడుగా" అంది అక్క. అవుననలేదు, కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా చీరలు మడత పెడుతూ ఉండిపోయింది.

ఆ రాత్రి ముగ్గురూ చాలాకాలం తర్వాత నవ్వుకుంటూ భోజనం చేశారు. చిన్నోడు పెద్దాయన బల్ల గుద్దడాన్ని అభినయించి చూపించాడు. మిఠాయి ముక్క తుంచి అక్క నోట్లో పెట్టాడు. ఆమెకు సంతోషంగానే ఉంది. దాన్ని దాచి లాభం లేదు. వాడు వెళ్ళిపోతే పొద్దున్నే లేచి ఎవరికోసం పొయ్యి వెలిగించాలో తెలియక ఆమె కబురొచ్చినప్పటి నుంచీ లోలోపల కుమిలిపోతోంది. ఇప్పుడు తానేమీ చెయ్యకుండానే, ఒక్క అబద్ధమైనా ఆడకుండానే వాడు ఆగిపోయాడు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం కూడా ఒక పనేనని ఆమె అప్పుడు ఒప్పుకోదలచుకోలేదు.

ఒక లెక్క వేసుకుంది. శనివారం దాటితే రేవు ఉద్యోగం గడువు దాటుతుంది. సోమవారం పొద్దున్నే బెంచీల వాళ్ళందరినీ పిలిచి డబ్బాల సంగతి విడమరిచి చెప్పేస్తుంది. అప్పుడు చిన్నోడికీ అర్థమవుతుంది, కాస్త తిట్టుకుంటాడు, ఏం చేస్తాడు, అక్కే గదా. అప్పటిదాకా కొత్త బోర్డులు పెట్టిన డబ్బాలు తన టెస్టింగ్ గది దాటి పోవు. తన బల్ల మీదే ఉంటాయి. తాను చూస్తూనే ఉంటుంది. ఇలా అన్ని వైపులా మూసేసుకుని ఆమె నిద్రపోయింది.

కొత్త బోర్డులు వచ్చాక ఆమె వాటిని పరీక్షించింది. వేరియాక్ అని ఒక గుండ్రటి పరికరం ఉంటుంది, దాని పిడి తిప్పితే డబ్బాలోకి వెళ్ళే ఓల్టేజిని కావలసినంత తగ్గించొచ్చు, పెంచొచ్చు. పిడిని కిందికి తిప్పింది. హద్దు దాటినా డబ్బా ఆగలేదు. ఇంకా కిందికి తిప్పితే లోపల రిలేలు పళ్ళు కొరికినట్టు టపటపలాడాయి, చివరికి సత్తువ లేక పడిపోయాయి, దీపం ఆరింది. బయటి నుంచి చూస్తే అచ్చం లాకౌట్ పడ్డట్టే. అదే చప్పుడు, అదే చీకటి, అదే పచ్చ బటన్. పిడిని పైకి తిప్పగానే ఎవరూ పిలవకుండానే డబ్బా మళ్ళీ లేచింది. పరికరం ఆపేసి కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కళ్ళజోడు తలుపు దగ్గరికొచ్చి అడిగాడు: "లాకౌట్ లేదని అందరికీ తెలిసిందా అక్కా?"

"తెలిసిందండీ" అంది అక్క.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. పాపం, అడగాల్సింది ఆయన అడిగాడు.

* * *

శనివారం పొద్దున చిన్నోడు మరదలి మేనమామకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశాడు. "ఆ పని మా ఫ్రెండ్‌కి ఇప్పించండి మావయ్యా, మంచి పనిమంతుడు" అని పంపుల ఫ్యాక్టరీలో పని పోయినవాడి పేరు కూడా చెప్పాడు. ఫోన్ పెట్టేసి అక్క వైపు చూసి కన్ను గీటాడు. ఆమె గుండెల మీది బరువు దిగినట్టే అనిపించింది. సోమవారం చెప్పేద్దాం అని మరొకసారి అనుకుంది.

మధ్యాహ్నం ఆమె బల్ల మీద ఉన్న కొత్త డబ్బాల్లో ఒకటి గుయ్యిమని మోగడం మొదలెట్టింది. కాయిల్లో ఎక్కడో ఒక తీగ వదులై ఉండాలి. మూత తీసింది. తాను చేతులు కడుక్కొచ్చి ప్లగ్గు పీకి చూద్దామని కుళాయి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాలని తోచింది గానీ, గదిలో ఎవరూ లేరు గదా అనుకుంది. గుయ్యిమనే చప్పుడు వైండింగు వాడి చెవిన పడితే ఊరుకోడని, పసిపిల్ల ఏడుపు విన్న తల్లిలా లేచి వస్తాడని ఆమెకు తెలియనిది కాదు. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు.

కుళాయి కట్టేసి తిరిగేసరికి బల్బులు ఎర్రబడ్డాయి. ఓల్టేజి పడిపోయింది. ఫ్యాక్టరీ అంతా లాకౌట్లు పడుతున్న చప్పుడు వరసగా వినిపించింది. ఆమె టెస్టింగ్ గది గుమ్మం దగ్గరికొచ్చింది. చిన్నోడు బల్ల మీదికి వంగి ఉన్నాడు. దీపం ఆరిన డబ్బాలోకి కుడి చెయ్యి మణికట్టు దాకా పెట్టాడు, ఎడమ చెయ్యి ఇనప బల్ల అంచు మీద ఆనించాడు.

"నీ కాయిల్ ఏడుస్తుంటే ఎక్కడికి పోయావక్కా?" అన్నాడు తలెత్తకుండా.

ఆమె అరిచింది. ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. చెయ్యి తియ్యి అనాల్సింది. కానీ ఇన్ని రోజులుగా నోట్లోనే నానుతున్న మాట అదే కాబట్టి అదే ముందు బయటపడింది.

"చిన్నోడా! లాకౌట్ లేదురా!"

వాడు తలెత్తి చూశాడు. ముఖం నిండా నవ్వు. నాలుగైదు రోజులుగా ఆ మాట విన్నప్పుడల్లా వచ్చే నవ్వే అది.

"తెలుసక్కా" అన్నాడు.

బల్బులు తెల్లబడ్డాయి.

ప్లగ్గు ఆమే పీకింది, నడుం వంచి, బల్ల కింద దూరి. తర్వాత జనం వచ్చారు, బండి వచ్చింది, ఆస్పత్రిలో ఒక డాక్టరు వాడి ఛాతీ మీద చాలాసేపు బలంగా నొక్కి చూశాడు. వాడు లేవలేదు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, ఉన్నా చెప్పబుద్ధి కావడం లేదు.

* * *

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చిన రోజున అందరినీ గోదాములో కూర్చోబెట్టారు. డబ్బాల గుట్టల మధ్య ఒక బల్ల వేశారు. చనిపోయినవాడి తరఫున మరదలు వచ్చి ముందు వరసలో కూర్చుంది. అక్క ఆమె పక్కనే. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని పడుకుంటున్నారు, ఇన్నాళ్ళుగా ఒకరి ఏడుపు ఒకరు ఆపుతున్నారు. మరదలికి ఇంకా ఏమీ తెలియదు.

కళ్ళజోడు అంతా చెప్పాడు. లాకౌట్ అంటే ఏమిటో, ఎందుకు తీసేశారో, తీసేస్తే ఏమవుతుందో. "పనివాళ్ళకు చెప్పించాను సార్. అందరికీ తెలుసా అని అడిగాను కూడా. తెలుసన్నారు."

ఎవరన్నారో ఆయన చెప్పలేదు. అక్క వైపు చూడనూ లేదు.

ఇన్‌స్పెక్టరు జనం వైపు తిరిగాడు. "లాకౌట్ లేదని మీకందరికీ తెలుసా?"

"తెలుసండీ" అన్నారు నలుగురైదుగురు.

"చనిపోయినతనికి?"

టీ బాబాయి లేచి నిలబడ్డాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నేను మొట్టమొదట చెప్పింది అతనికేనండీ. లాకౌట్ లేదని బెంచీ బెంచీకీ తిరిగి అందరికీ చెప్పింది అతనే. ఎంత సంబరపడ్డాడండీ పాపం!" అని భోరుమన్నాడు.

బాబాయికి అప్పటికీ అర్థం కాలేదు. మిగతావాళ్ళలో చాలామందికి అర్థమైంది. రెండు లాకౌట్లూ ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయాయో వాళ్ళ ముఖాల్లోనే తెలుస్తోంది. కానీ ఎవరూ నోరు విప్పలేదు. చనిపోయినవాడు తెలిసి తెలిసి చెయ్యి పెట్టాడంటే అది వాడి అజాగ్రత్త, గేటు తెరిచే ఉంటుంది. తెలియక పెట్టాడంటే రేపు ఆ గేటుకు తాళం పడుతుంది. పిల్లలున్నవాళ్ళు, వాళ్ళను అనడానికి మనమెవరం? ప్యాకింగు ముసలామె అక్క వైపు చూసి రెండు చేతులూ జోడించింది. ఎందుకు జోడించిందో వేరే చెప్పనక్కర్లేదు. పెద్దాయన ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

"అయితే తెలిసే చేశాడన్నమాట" అని ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"వాడికి తెలియదు సార్" అంది అక్క.

కూర్చునే అంది.

"ఏంటమ్మా?"

"వాడికి తెలియదు. వీళ్ళెవరికీ తెలియదు. ఫ్యాక్టరీ మూతపడదని చెప్పుకున్నారు సార్ వాళ్ళు. లాకౌట్ లేదంటే గేటుకు తాళం పడదని. డబ్బాల్లో తీసేశారని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు."

"చెప్పాల్సింది ఎవరు?"

"నేను."

పెద్దాయన ఏదో అనబోయాడు, ఇన్‌స్పెక్టరు చేత్తో ఆపాడు.

"వాళ్ళు పొరపాటు పడ్డారని మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. మెట్లు దిగగానే."

"మరెందుకు చెప్పలేదు? మీ యజమాని వద్దన్నాడా?"

అవునంటే సగం భారం దిగిపోయేది. ఆ సగం నిజం కూడా. పెద్దాయన నవ్విన నవ్వు ఆమెకు ఇంకా చెవుల్లో ఉంది. కానీ పెద్దాయన వద్దనకపోయినా తాను చెప్పేది కాదని ఆమెకు తెలుసు.

"ఆయన కోసం కాదు సార్" అంది. "మా వాడికి వేరే ఊళ్ళో పని దొరికింది. ఇక్కడ మూతపడదనుకుని మానుకున్నాడు. నిజం చెప్తే వెళ్ళిపోతాడని చెప్పలేదు."

ఇన్‌స్పెక్టరు రాయడం ఆపేశాడు.

పక్కన మరదలు కదిలింది. ఇంతసేపూ అక్క చేతిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్న పిల్ల. ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని కూడా ఇంకా తోచలేదు. అర్థం కాని లెక్కను ఇంకొకసారి అడిగి తెలుసుకుంటున్నట్టు, కోపం లేకుండా, మెల్లగా అడిగింది.

"అయితే మేం వెళ్ళిపోయేవాళ్ళమే కదా, వదినా?"

"అవునమ్మా" అంది అక్క. "వెళ్ళిపోయేవాళ్ళు."